బెల్టులు కొనే ముందు టేపు తీసుకుని డెక్ కొలువు తమ్ముడూ

ఉత్తరం: అన్నా, నాన్న దగ్గర్నుంచి బోటు నా చేతికొచ్చి రెండేళ్లయింది. పద్నాలుగు మీటర్ల ట్రాలర్, బోటు నడిపే సరంగుతో కలిపి ఏడుగురం, వేటకు వెళ్తే నాలుగైదు రోజులు సముద్రంలోనే ఉంటాం. ఈ ఏడాదిలో ఒకతను నడుము పట్టేసి పని మానేశాడు. ఇంకొకతని చూపుడు వేలు, తాడు చుట్టి వల లాగే వించ్‌లో నలిగింది. పోయిన నెల ఒక కుర్రాడు రాత్రిపూట వల తీస్తూ జారి బోటు అంచు మీద పడ్డాడు, ఇంకో జానెడు అటు పడితే నీళ్లలో ఉండేవాడు. లైఫ్ జాకెట్లు కొన్నాను కానీ ఒక్కరూ వేసుకోరు. ఇప్పుడు అందరికీ నడుము బెల్టులు కొని, బరువులు ఎలా ఎత్తాలో ఎవరితోనైనా ఒక క్లాసు చెప్పిద్దామనుకుంటున్నాను. మా పాత సరంగు మాత్రం "నడుము నొప్పి లేనివాడు కళాసీయే కాదు, ఇవన్నీ మామూలే" అంటాడు. చేతిలో డబ్బు ఎక్కువ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ,

ముందు బెల్టుల సంగతి తేల్చేద్దాం. కొనకు. అమెరికాలో 160 దుకాణాల్లో సరుకులు ఎత్తి దించే 9 వేలకు పైగా ఉద్యోగుల్ని గమనించిన ఒక అధ్యయనం 2000లో బయటికొచ్చింది. రోజూ బెల్టు కట్టుకున్నవాళ్లకీ కట్టుకోనివాళ్లకీ నడుము నొప్పిలో గానీ దెబ్బల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అది కదలని నేల మీద, పొడి బట్టలతో చేసే పని. ఉప్పునీళ్లలో నానిన బెల్టు కింద చర్మం ఒరుసుకుపోవడం తప్ప మీవాళ్లకు ఒరిగేదేమీ ఉండదు. పైగా బెల్టు ఉంది కదా అని ఇంకో పెట్టె ఎక్కువ ఎత్తేస్తారు.

క్లాసు కూడా ఇప్పుడే వద్దు. "మోకాళ్లు వంచు, వీపు నిటారుగా ఉంచు, బరువు ఒంటికి దగ్గరగా పట్టుకో", క్లాసులో చెప్పేది ఇదే, తప్పేం కాదు. కానీ రాత్రి రెండున్నరకి, బోటు పక్కకి ఒరుగుతుంటే, కాళ్ల చుట్టూ చేపలు, ఎదురుగా వల కుప్ప, వెనక చేపలు దాచే ఐసు గది మూత, ఇన్నిటి మధ్య కాలు పెట్టే చోటే లేనివాడు మోకాళ్లు ఎక్కడ వంచుతాడు? వాడికి ఎత్తడం రాక కాదు, నీ డెక్ వాణ్ణి అలా ఎత్తనివ్వదు. మనిషిని మార్చే ప్రయత్నం పక్కన పెట్టి బోటును మార్చు, అది నీ చేతిలో ఉంది. దీనికి ఎర్గోనామిక్స్ అని పెద్ద పేరుంది కానీ, అర్థం పనిని మనిషికి సరిపెట్టడం, అంతే.

నేను పదకొండేళ్లు డెక్ మీద పనిచేసి, ఆ తర్వాతే బోట్లకు మార్పులు చేసే పనిలోకొచ్చాను కాబట్టి ఒక్క మాట సూటిగా అడుగుతాను. ఐసుతో నిండిన మీ చేపల పెట్టె ఎంత తూగుతుందో ఎప్పుడైనా కాటా మీద పెట్టి చూశావా? నాకు తెలిసిన ఓనర్లలో చాలామంది చూడలేదు. అమెరికాలో పని భద్రత మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ వాళ్ల లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉంటే ఒక మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. అన్నీ అనుకూలంగా అంటే, పెట్టె దాదాపు 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, ఒంటికి దగ్గరగా ఉండాలి, నడుము తిప్పకూడదు, పట్టు బాగుండాలి, ఎప్పుడో ఒకసారి ఎత్తాలి. మీ పెట్టె నేల మీద ఉంటుంది, చేతులు చాచి అందుకోవాలి, తిరిగి గదిలోకి దించాలి, జారుతుంది, అదీ గంటల తరబడి. ఇందులో ఒక్కో అనుకూలత పోయేకొద్దీ ఆ 23 తగ్గుతూ వస్తుంది. మీ డెక్ మీద అది పన్నెండుకో పదికో దిగినా ఆశ్చర్యం లేదు, మీవాళ్లు మాత్రం ముప్పై ఎత్తుతుంటారు.

ఇంకో లెక్క నువ్వే వేసుకో. పెట్టె పాతిక కిలోలు, రోజుకు ఎనభై పెట్టెలు అనుకుందాం. నేల మీంచి పైకి, పైనుంచి గదిలోకి, గదిలో వరసలోకి, మళ్లీ ఒడ్డున బయటికి, అలా ఒక్కో పెట్టెను నాలుగుసార్లు ఎత్తితే మొత్తం 8 టన్నులు. ఒక్క ఎత్తుడు తీసేస్తే 2 టన్నులు మాయం. ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు. అందుకే వచ్చే వేటలో నువ్వు చేయాల్సిన మొదటి పని, వల పైకొచ్చిన క్షణం నుంచి చివరి పెట్టె గదిలోకి దిగేదాకా ఒక మూల నిలబడి ఫోన్‌లో వీడియో తీయడం. ఒడ్డుకొచ్చాక అందరూ కూర్చుని చూడండి. ఎవరు ఎన్నిసార్లు వంగారు, ఏ పెట్టె ఎన్ని చేతులు మారింది, ఎవడు ఎవడికి అడ్డొచ్చాడు, అంతా కనిపిస్తుంది. సరంగును పక్కనే కూర్చోబెట్టుకో, అతని సంగతి తర్వాత చెప్తాను.

ఆ వీడియోలో నీకు మొదట కనపడేది, చేపలు ఏరేటప్పుడు గొంతుక్కూర్చున్న నలుగురు. గంటల కొద్దీ గొంతుక్కూర్చుని, ముందుకు వంగి, బోటు ఊగినప్పుడల్లా కాలివేళ్లతో నేలను పట్టుకుంటూ ఏరుతుంటారు. నడుము పట్టేసేది పెట్టె ఎత్తినప్పుడే కావచ్చు, కానీ అది తయారయ్యేది ఇక్కడ. ఏరే బల్ల ఒకటి పెట్టు. ఎత్తు ఎంత అంటే, నిలబడి మోచేయి వంచితే మోచేయి ఉన్న చోటు నుంచి 10, 15 సెంటీమీటర్లు కిందికి. పెద్ద చేపలు, బరువు పని ఎక్కువైతే ఇంకాస్త కిందికి. అందరూ ఒకే ఎత్తు ఉండరు కాబట్టి పొడుగువాడికి బల్ల కొలువు, పొట్టివాడికి కాళ్ల కింద జారని పలక వెయ్యి. చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు అంచు ఉండాలి, లేదంటే బోటు ఒరిగిన ప్రతిసారీ చేపలన్నీ మళ్లీ నేల మీదే. ఏరినవి బల్ల చివర్నుంచి నేరుగా కింద పెట్టెలోకి జారిపోయేలా వాలుగా ఒక రేకు బిగించు. పెట్టె కూడా నేల మీద కాకుండా మోకాలి ఎత్తు పీట మీద ఉంటే నువ్వు ఒకేసారి రెండు వంగడాలు తీసేసినట్టు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మొదటిసారి నేనొక బోటుకు బల్ల చేసిచ్చినప్పుడు కొలతలన్నీ పక్కాగా తీశాను, నున్నగా చిత్రిక పట్టాను, చూసుకుని మురిసిపోయాను. రెండు వేటలు తిరిగొచ్చేసరికి బల్ల కాళ్లు విరిచేసి, పలకను వంట దగ్గర కూర్చోవడానికి వాడుకుంటున్నారు. వల సంచి దించే దారికి అది సరిగ్గా అడ్డంగా ఉందట. నన్ను ఎవరూ తప్పుదోవ పట్టించలేదు, నేనే వాళ్లను అడగలేదు. తర్వాత మడత పెట్టే బల్ల చేశాం, చోటు చూపించింది కళాసీలే, ఒక పక్క గోడకు కీలు, ఇంకో పక్క గొలుసు, పనైపోగానే పైకి లేపి కొక్కేనికి తగిలించేయడమే. దాన్ని ఇంకా వాడుతున్నారు.

ఒక జాగ్రత్త. బల్ల అనగానే మందపాటి ఇనుముతో చేయించకు, డెక్ పైన బరువు పెరిగేకొద్దీ బోటు నిలకడ తగ్గుతుంది. నీళ్లు బయటికి పోయే తూములకు బల్ల కాళ్లు గానీ పెట్టెలు గానీ వల గానీ అడ్డం రాకూడదు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు ఉన్న చోట ఎనిమిది సెంటీమీటర్ల లోతు నీళ్లు నిలిస్తే అది దాదాపు ఒక టన్ను. బోటు ఎటు ఒరిగితే ఆ టన్ను అటే పరిగెడుతుంది, ఒరిగినదాన్ని ఇంకా ఒరగదోస్తుంది. గంపగుత్తగా పోసిన చేపల కుప్ప కూడా అంతే, అందుకే అడ్డపలకలు పెట్టి గళ్లుగా విడదీయమనేది.

వేలు నలిగిందన్నావే, ఆ వించ్ గురించి. నా ఎడమ చేతి ఉంగరపు వేలికి చివరి కణుపు లేదు. అదీ వించే. అప్పుడు నేను పనిచేసిన బోటులో దాన్ని ఆపే లివర్ అవతలి పక్క ఉండేది. చేతి తొడుగు కొస తాడు కింద పడింది, డ్రమ్ము తిరుగుతోంది, నేను అరుస్తున్నాను, ఇంజిన్ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. మనవాడొకడు తల తిప్పి చూసేదాకా పట్టిన సమయం నాలుగైదు సెకన్లే ఉంటుందేమో. నాకు గుర్తున్నది నొప్పి కాదు, లివర్ కంటికి కనిపిస్తూ చేతికి అందకపోవడం. కాబట్టి వించ్ దగ్గర పనిచేసే మనిషి నిలబడే చోట నిలబడి, ఒక చెయ్యి ఇరుక్కుంది అనుకుని, రెండో చేత్తో గానీ మోకాలితో గానీ తుంటితో గానీ దాన్ని ఆపగలవా చూడు. ఆపలేకపోతే మిగతా పనులన్నీ ఆపి ముందు ఆ పని చేయించు. నియోష్ ఇంజినీర్లు అలాస్కా బోట్ల కోసం చేసింది కూడా సరిగ్గా ఇదే, తిరిగే డ్రమ్ము దగ్గరే నొక్కగానే ఆగిపోయే బటన్. పాత వించ్‌లకు కూడా బిగించుకోవచ్చు. హైడ్రాలిక్ పని తెలిసిన మెకానిక్‌ను పిలిచి "ఇరుక్కున్న మనిషి ఆపుకోగలగాలి" అని చెప్పు, మిగతాది అతనికి అర్థమవుతుంది. డ్రమ్ముకు అడ్డు రేకు, వదులుగా వేలాడే చేతులున్న చొక్కాలు వద్దు, చేతికి పెద్దవయ్యే తొడుగులు అసలే వద్దు. వించ్ నడిపేవాడికి తాడు దగ్గరున్నవాడు కనపడాలి, కనపడకపోతే మధ్యలో ఒకణ్ణి నిలబెట్టి చేతి సైగలతో నడపాలి. అరుపుల మీద ఆధారపడకు. ఇంజిన్ గది చప్పుడు వంద డెసిబెల్స్ దాటడం మామూలే, ఆ స్థాయిలో చెవులకు రోజుకు పావుగంట మించితే హాని, ఏళ్ల తరబడి చేసినవాళ్లకు సగం వినపడదు, వినపడట్లేదని వాళ్లు చెప్పరు కూడా.

తాళ్ల విషయానికి ఒక ఎర్ర రంగు డబ్బా చాలు. బిగువు మీదున్న నైలాన్ తాడు సాగుతుంది, తెగితే ఆ సాగిన బలమంతా వెనక్కి కొరడాలా వస్తుంది. తప్పుకునే వ్యవధి ఉండదు. ఎక్కడెక్కడికి కొడుతుందో మీ సరంగుకు తెలుసు, ఎప్పుడో ఒకసారి చూసే ఉంటాడు. అతన్నే అడిగి ఆ చోట్లన్నీ నేల మీద ఎర్రగా పూయించు, తాడు బిగువు మీదున్నప్పుడు ఎర్ర మీద ఎవరూ ఉండకూడదు. అలాగే వల వదిలేటప్పుడు చుట్టగా పడున్న తాడులో కాలు. చుట్ట బిగుసుకుంటే మనిషి తాడుతోపాటే వెళ్లిపోతాడు. తాళ్లకు ఒక తొట్టి పెట్టు, నడిచే దారి వేరుగా ఉంచు, ప్రతి ఒక్కరి నడుముకీ చేతికందేలా ఒక కత్తి.

నేల జారుడు తగ్గించడానికి నూనె రంగులో సన్నటి పొడి ఇసుక కలిపి పూయించు, వల తీసే చోట, గది మూత చుట్టూ, ఇంజిన్ గది మెట్ల దగ్గర. ఏటా మళ్లీ పూయాలి. చేపల జిగురు ఎప్పటికప్పుడు నీళ్లు కొట్టి కడగాలి, చివర్లో కాదు.

ఇప్పుడు ఆ కుర్రాడి సంగతి. బోటు అంచు ఎంత ఎత్తుంది? మోకాలి దగ్గరకొచ్చే అంచు మనిషిని ఆపదు, తలకిందులుగా దొర్లిస్తుంది. తుంటి దాటి పైకి రావాలి. వల పనికి అడ్డమైతే ఆ ఒక్క చోట తీసి పెట్టుకునేలా పైపో, గట్టి తాడో. నియోష్ వాళ్లు 2000 నుంచి 2016 దాకా అమెరికాలో బోటు మీంచి పడి చనిపోయిన 204 మంది జాలర్ల వివరాలు చూశారు. ఒక్కడి ఒంటి మీద కూడా లైఫ్ జాకెట్ లేదు. సగానికి పైగా పడటం ఎవరూ చూడనే లేదు. నువ్వు జాకెట్లు కొన్నావు, వేసుకోవట్లేదు అన్నావు. ఏ రకం కొన్నావో రాయలేదు కానీ ఊహించగలను, మెడ చుట్టూ లావుపాటి నారింజ రంగు దిండ్లు. అది వేసుకుని నువ్వు ఒక గంట వల తీసి చూడు, నువ్వే విప్పేస్తావు. అవి బోటు మునిగేటప్పుడు వేసుకోవడానికి, పని చేయడానికి కాదు. పని చేస్తూ వేసుకునేవి వేరే ఉన్నాయి, ఛాతీకి అతుక్కుని ఉండే పలచటి ఫోమ్ చొక్కాలు, నీళ్లలో పడితే గాలి నిండే సన్నటి పట్టీల రకం. అలాస్కాలో జాలర్లకు రకరకాల జాకెట్లు ఇచ్చి వాటితోనే పని చేయించి చూస్తే, ఒక్కో రకం వేటవాళ్లకు ఒక్కో రకం నచ్చింది. నువ్వూ రెండు మూడు రకాలు, ఒక్కో రకానిది ఒక్కటే తెచ్చి, ఒక వేట మొత్తం మార్చి మార్చి వేయించి, ఏది కావాలో వాళ్లనే ఎంచుకోమను. ఎంచుకున్నాక మాత్రం డెక్ మీద విప్పకూడదు, మొదట నువ్వూ సరంగూ వేసుకోవాలి. గాలి నిండే రకమైతే సిలిండర్ బిగుతు ప్రతి వేటకూ చూసుకోవాలి, తుప్పు పట్టిందంటే అది వట్టి గుడ్డ.

పడినవాణ్ణి ఎలా పైకి తీస్తారో ఒడ్డు దగ్గర ఒక పగలు చేసి చూడండి. తడిసిన బట్టలతో డెబ్బై కిలోల మనిషి, చేతుల్లో సత్తువ లేదు, బోటు పక్క నున్నటి గోడ. ఇద్దరు లాగినా రాడు. మెట్ల తాడు సగం నీళ్లలోకి దిగేంత పొడుగు ఉండాలి, చంకల కింద వేసే పట్టీ ఒకటి, దాన్ని లాగడానికి వల ఎత్తే కప్పీ. రాత్రిపూట ఒంటరిగా ఎవరూ డెక్ మీదికి రాకూడదు, మూత్రానికి కూడా. సగం మంది పడేది అక్కడే అని పాతవాళ్లు నవ్వుతూ అంటారు, నాకైతే నవ్వు రాదు.

నువ్వు అడగలేదు కానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఐసు గది. అడుగున మిగిలిన చేపలు, రక్తం నీళ్లు కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన, మోతాదు పెరిగితే ముక్కు దాన్ని పట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు కుప్పకూలతాడు, వాణ్ణి తీయడానికి దిగినవాడు వాడి మీదే పడతాడు. కొన్ని రోజులు మూసి ఉన్న గదిని తెరిచి చాలాసేపు ఫ్యానుతో గాలి కొట్టాకే దిగాలి, దిగేవాడి నడుముకు తాడు, పైన ఒక మనిషి, ఆ పైమనిషి ఏం జరిగినా లోపలికి దిగకూడదు. ఈ నియమం మీద బేరం లేదు.

నిద్ర గురించి కూడా. 17 గంటలు మేలుకున్న మనిషి చేతిపని, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితో సమానంగా దిగజారుతుందని 1997లో ఒక పరిశోధన చూపించింది. మీ బోటులో పదిహేడు గంటలు మేలుకోని రోజు ఉంటుందా? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేసిన 188వ ఒప్పందం, మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే బోట్లలో ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలంటుంది. చేపలు పడుతున్నప్పుడు ఇదంతా కాగితం మీద మాటలాగే అనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఏడుగురు ఉన్నారు కదా, వల నీళ్లలో ఉన్న సమయంలో అందరూ లేచి కూర్చోవాల్సిన పనేముంది? వంతులు రాసి గోడకు అంటించు.

ఇక సరంగు. అతనితో వాదించకు. ఆయన ఒంట్లో ఎన్ని చోట్ల నొప్పులున్నాయో అడుగు, ఏ పని మానేశాడో అడుగు, తనతోపాటు మొదలుపెట్టినవాళ్లలో ఇంకా ఎంతమంది వేటకొస్తున్నారో అడుగు. మామూలే అనే మాట తట్టుకున్నవాళ్ల నోటి నుంచే వస్తుంది, తట్టుకోలేనివాళ్లు బోటు దిగి వెళ్లిపోయారు. వీడియో చూసేటప్పుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోమన్నది అందుకే. ఎర్ర రంగు ఎక్కడ పూయాలో ఆయనే చూపిస్తే రేపు దాన్ని తొక్కినవాణ్ణి తిట్టేది కూడా ఆయనే.

మీ దగ్గర వాటాల మీదే డబ్బు కదా. దెబ్బ తగిలినవాడు వేటకు రాకపోతే వాటా పోతుంది, అందుకే నొప్పి దాచుకుని వస్తాడు, చిన్న నొప్పి పెద్దదయ్యాకే నీకు తెలుస్తుంది. చేపముల్లు గుచ్చుకున్న వేలు కూడా అంతే, సబ్బుతో కడిగి చూపించి ఉంటే రెండు రోజుల్లో తగ్గేది, దాచుకుంటే చెయ్యంతా వాచి ఒడ్డుకొస్తాడు. బోటు మీద తగిలిన దెబ్బకు ఒకటి రెండు వేటల దాకా వాటా పోదని ముందే అందరి ముందు చెప్పేయి. ఖర్చే, కాదనను.

డబ్బు ఎక్కువ లేదన్నావు కాబట్టి వరస నా లెక్కలో ఇది. బెల్టుల డబ్బుతో వించ్ స్టాప్ బటన్. అది అయ్యేదాకా ఎర్ర రంగు, ఇసుక రంగు, మెట్ల తాడు, ఇవి ఒక్క రోజు పని. జాకెట్లు మళ్లీ కొత్తగా అన్నీ కొనకు, ముందు ఒక్కో రకానిది ఒక్కటే తెచ్చి వాడి చూడండి. బల్ల చివర్న, ఎందుకంటే కొలవకుండా చేస్తే నా బల్లలాగే అవుతుంది.

వీడియో తీశాక నాకు నాలుగు కొలతలు రాసి పంపు. డెక్ మీంచి బోటు అంచు ఎత్తు, ఐసు గది మూత అంచు ఎత్తు, మీలో అందరికంటే పొడుగువాడి మోచేయి ఎత్తు, నిండు పెట్టె బరువు. వల సంచి ఎక్కడ దించుతారో ఒక కాగితం మీద గీసి పెట్టు. బల్ల ఎక్కడ పడుతుందో కలిసి చూద్దాం.